షామియానా కింద గృహప్రవేశం

పోయిన వారం మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "రేపు మాకు గృహప్రవేశమంట పెద్దమ్మా, నువ్వు బేగొచ్చీ" అంది. చెల్లెలంటే నా తోడబుట్టింది కాదు, మా పిన్ని కూతురు. అది పోయాక దాని కూతుర్నే నా కూతురనుకుని బతుకుతున్నాను. ఇంత మంచి మాట విన్నాక కూర్చోబుద్ధి కాక, ఒక చీర కొని, పసుపు కుంకుమ పొట్లం కట్టుకుని, మర్నాడు పొద్దున్నే శ్రీకాకుళంలో ఆటో ఎక్కాను. ఎచ్చెర్ల దాటాక రోడ్డు దిగి లోపలికి, ఇంకా లోపలికి వెళ్తే, వానాకాలమంతా నీళ్ళు నిలిచే పల్లపు భూమిలో, అగ్గిపెట్టెలు పేర్చినట్టు వరసలు వరసలుగా ఇళ్ళు కనిపించాయి. చాలావాటికి తలుపుల్లేవు, కిటికీలకు రెక్కల్లేవు, కరెంటు స్తంభాలున్నాయి గానీ వాటి మీద తీగలు లేవు. ముందు వరస ఇళ్ళకు మాత్రం రంగు కొట్టి, వాటి ముందర ఎర్రా పసుపూ గుడ్డలతో ఒక పెద్ద షామియానా వేసి, దాని పక్కన మనిషికి మూడింతలున్న ఫ్లెక్సీలో నాయకుడి చేత నమస్కారం పెట్టించారు. ఆ షామియానా చూడగానే దాని కిందికి వెళ్ళకుండా దూరంగానే ఆగిపోయాను. ఎందుకో చెప్పాలంటే మా పిన్ని ఇంటి సంగతి చెప్పాలి.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరిన కొత్త రోజులవి. ట్రంకు కాల్ బుక్ చేసుకుని గంటల తరబడి కూర్చున్న నా ఈడువాళ్ళకు ఆ కాలం ఇట్టే గుర్తొస్తుంది. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఊళ్ళో వాళ్ళ చావులూ పెళ్ళిళ్ళూ అందరికంటే ముందు వినేవాళ్ళం మేము. నా చిన్నతనంలోనే మా అమ్మ పోవడంతో నన్ను పెంచింది పిన్నే. చిన్నాన్న కూడా తొందరగానే పోయాడు. వంశధార సముద్రంలో కలిసే వైపు ఒక పల్లెలో, ఉన్న చెక్క భూమిలో గోగు వేసి, ఆ కట్టలు మురుగునీళ్ళలో నానబెట్టి, నడుం లోతు నీళ్ళలో నిలబడి నార తీసి, ఆ నార అమ్మి నన్నూ తన కూతురినీ సాకింది. ఆవిడ దగ్గరికి వెళ్ళి కూర్చుంటే ఎప్పుడూ నానిన గోగు వాసన వచ్చేది. ఇప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ముక్కు మూసుకోవాలనిపించదు, ఏడుపొస్తుంది.

పిన్ని ఉండేది చుట్టింట్లో. మన వైపు పుట్టినవాళ్ళకు దీని గురించి చెప్పనక్కర్లేదు గానీ, ఇప్పటి పిల్లలు దాన్ని బొమ్మల్లో చూసి రిసార్టు అంటున్నారట కనుక చెప్తున్నాను. గుండ్రటి మట్టిగోడ, దాని చుట్టూ నేలకు జానెడెత్తు దాకా దిగిన తాటాకు చూరు, లోపల అటక మీద గింజల కుండలు, ఎంతటివాడైనా తల వంచి వెళ్ళాల్సిన గుమ్మం. మండుటెండలో లోపల కూర్చుంటే నూతిలో కూర్చున్నంత చల్లగా ఉండేది. తుఫాను వస్తే గాలికి ఎదురు నిలిచే మూల ఒక్కటీ లేక, గాలి ఆ ఇంటిని చుట్టుకుని పోయేదే గానీ పట్టుకుని లాగలేకపోయేది. పెంకుటిళ్ళ వాళ్ళు కూడా గాలి ముదిరితే పిల్లల్ని చంకనేసుకుని పిన్ని ఇంటికే వచ్చేవాళ్ళు. పండగలకు ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండితో అంచుకి ముగ్గు వేస్తే, ఆ ఇంటిని చూస్తూ అన్నం తినడం మానేసేదాన్ని చిన్నప్పుడు.

అలాంటి ఇల్లు సర్కారు లెక్కలో ఇల్లు కాదు. ఇళ్ళ ఇనస్పెక్టరు వచ్చి రాసుకున్న కాగితంలో దాన్ని గుడిసె అన్నాడు. ఎస్సీ పేటకీ రైతుల వీధికీ కలిపి పక్కా ఇళ్ళు వచ్చాయని, పిన్ని పేరు కూడా ఉందని, ప్రభుత్వం కొంత ఊరికే ఇస్తుందని, కొంత అప్పుగా ఇస్తుందని చెప్పాడు. పిన్నికి ఇల్లు మీద ఆశ కంటే, తన పేరు మీద ఇల్లు అన్న మాట మీద ఆశ పుట్టింది. చిన్నాన్న పోయాక మరుదులు వచ్చి ఆ చుట్టిల్లు మా అన్నదంటూ గుమ్మంలో కూర్చున్న రోజులు ఆవిడ మర్చిపోలేదు. పట్టా తన పేరున వస్తే, తన తర్వాత కూతురికి వస్తే, ఇక ఎవడూ వచ్చి గుమ్మంలో కూర్చోడు. ఆవిడ కోరుకున్నదల్లా అంతే, నెత్తి మీద శ్లాబు, కాగితం మీద తన పేరు.

ఇక్కడ కొంచెం నా సొద కూడా వినాలి. ఆ రోజుల్లోనే నేనూ మా వారూ కలిసి శ్రీకాకుళంలో ఇల్లు మొదలెట్టాం. నాకు జీతం చీటీ ఉంది కనుక డిపార్టుమెంటు వాళ్ళు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అప్పు ఇచ్చారు. ముందు డబ్బు చేతికొచ్చింది, తర్వాత ఇల్లు లేచింది. పైగా ఆ వడ్డీ చూపిస్తే ఆదాయపు పన్నులో కూడా తగ్గింపు. మా పిన్నికో, ముందు పునాది వేసుకుని ఫోటో దిగాలి, అప్పుడు పునాది బిల్లు వస్తుంది. తర్వాత గోడలు కిటికీల పై మట్టం దాకా లేపుకుని ఫోటో దిగాలి, అప్పుడు గోడల బిల్లు వస్తుంది. చివరికి శ్లాబు పోసుకుని ఫోటో దిగాలి, అప్పుడు శ్లాబు బిల్లు. చేతిలో డబ్బున్న నాకు ముందుగా డబ్బిచ్చి, లేని ఆవిణ్ణి ముందుగా ఇల్లు కట్టి చూపించమన్నారు. దీన్ని పేదల ఇళ్ళ పథకం అని పేరు పెట్టి ఊరూరా గోడల మీద రాయించిన తెలివిని తల్చుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది.

స్థలం ఇరుకు కనుక పాత ఇల్లు ఉండగా కొత్తది లేవదు. పైగా ఫోటోలో వెనకాల చుట్టిల్లు కనబడితే, నీకు ఇల్లుంది కదా అని పైవాళ్ళు కొట్టేస్తారన్నాడు ఇనస్పెక్టరు. ఆ చుట్టిల్లే ఇల్లు కాదని రాసినవాడు, ఫోటో దగ్గరికి వచ్చేసరికి దాన్ని ఇల్లు చేసేశాడు. పిన్ని మంచిరోజు చూసి, అటక మీది కుండలు దించుకుని, చూరు తాటాకు విప్పించి, గోడకి దణ్ణం పెట్టుకుని పక్కకు జరిగింది. తుఫానులకు చెక్కు చెదరని గోడ, పునాది తవ్వడం కోసం నానబెట్టడానికి నీళ్ళు పోస్తే ఒక పూటలో బురదయిపోయింది.

పునాది కోసం చెవి కమ్మలు అమ్మింది, గోడల కోసం ఆవును అమ్మింది. సర్కారు గోదాములో ఇచ్చిన సిమెంటు బస్తాల్లో సగం రాయిలా బిగిసిపోయి ఉంటే, వాటిని రోకలితో చితక్కొట్టి జల్లెడ పట్టి వాడారు. బిల్లు వచ్చినప్పుడల్లా అందులోంచి ఎవరెవరికో తీసి పక్కన పెట్టాలి. ఆ పక్కన పెట్టడాన్ని మా ఊళ్ళో ఖర్చు అనేవారు, దానికి ఇంకో పేరుందని కూడా చాలామంది మర్చిపోయారు. మొత్తానికి గోడలు లేచాయి. ఎండకి కాలే, వానకి తడిసే నాలుగు గోడలు, వాటి మధ్య ఆకాశం. శ్లాబు పోయడానికి పిన్ని దగ్గర, తిండి పెట్టే గోగు భూమి తప్ప, అమ్మడానికింకేం మిగల్లేదు. ముందు మీరు కొంత ఇస్తే పోసుకుంటానని అడిగితే, రూలు లేదన్నారు. కూతురితో సహా పక్కింటి వసారాలో తల దాచుకుని, నా జీతంలోంచి నేనేదైనా పంపిస్తానేమోనని, నోరు తెరిచి అడక్కుండానే ఎదురు చూసింది. నేనూ మా ఇంటి అప్పు కట్టుకుంటూ నాకు చేతనైనంత పంపించాను. అది ఇనుముకే చాల్లేదు.

అప్పుడొచ్చాయి ఎన్నికలు. సర్కారులో పెద్దాయనొకడు మా వైపు తిరుగుతూ, దారిలో కనిపించే ఊళ్ళల్లో సామూహిక గృహప్రవేశాలు చేస్తాడని కబురొచ్చింది. ఇనస్పెక్టరు పరుగెత్తుకొచ్చి, పిన్ని ఇల్లు రోడ్డు మీదకుంది కనుక ఈ ఇంట్లోనే పాలు పొంగించాలన్నాడు. కప్పు లేదు కదా బాబూ అని పిన్ని అంటే, కప్పు సంగతి మేం చూసుకుంటామన్నాడు. ఆవిడ నిజంగానే శ్లాబు పోయిస్తారనుకుని నాకు ఫోన్ చేయించింది. నేను సెలవు పెట్టుకుని వెళ్ళేసరికి, టెంటు హౌసు వాళ్ళు గోడల మీద వెదురు కర్రలు నిలబెట్టి, ఇంటి నెత్తి మీద షామియానా కడుతున్నారు. నాలుగు వైపులా మామిడాకులు, అరటి పిలకలు, చమ్కీ దండలు. కింద నిలబడి చూస్తే కప్పు లేదన్న సంగతి ఎవరికీ తెలియదు.

అయినా పిన్ని ముఖంలో పెళ్ళి కళ వచ్చింది, అది నేను చూశాను. ముఖలింగం తీర్థంలో చిన్నాన్న కొనిచ్చిన ఇత్తడి గిన్నె ఉండేది ఆవిడ దగ్గర, పెళ్ళయిన కొత్తలో కొన్నది. సొంత ఇంట్లో పాలు పొంగించడానికని దాన్ని ఒక్కసారి కూడా వాడకుండా దాచింది. చింతపండు పెట్టి తోమించి, కళాయి వాడిని పిలిచి లోపల కళాయి పూయించింది. అమ్మేసిన ఆవు పాలే, కొన్న వాళ్ళ దగ్గరికి పోయి అడిగి తెచ్చింది. పెద్దాయన వచ్చాడు, చెప్పులతోనే లోపలికి వచ్చాడు, పాలు పొంగాయి, ఫోటోలు తీశారు, చప్పట్లు కొట్టారు. పిన్ని బొటనవేలి ముద్ర ఒక కాగితం మీద వేయించుకున్నారు. దేనికని నేనడిగితే, హాజరుకని చెప్పారు. కార్లు వెళ్ళిపోయాక దుమ్ము సర్దుకోకముందే టెంటు హౌసు వాళ్ళు వచ్చి, పక్క ఊళ్ళో కూడా ఇదే కట్టాలమ్మా అంటూ షామియానా విప్పుకుపోయారు.

అలాంటప్పుడు ఏ తెలివైన మనిషైనా పక్కింటి వసారాకి తిరిగి వెళ్తుంది. మా పిన్ని వెళ్ళలేదు. పాలు పొంగించిన ఇంట్లో ఆ రాత్రి దీపం పెట్టి పడుకోవాలి, ఇల్లు ఒట్టిగా ఒగ్గేయకూడదు. నేను చేయి పట్టుకుని లాగితే, "పాలు పొంగినాక ఇల్లొగ్గేసి ఎలిపోతారేటే అమ్మీ? నాను రాను. నువ్వెళ్ళి తొంగో" అంది. చేసేదేం లేక నేనూ చాప పరుచుకున్నాను. మంచు పడుతుంటే ప్రమిదకి తన కొంగు అడ్డం పెట్టి కూర్చుంది. ఆ సర్కారు వాళ్ళకి అది ఫోటో, ఆవిడకి అది గృహప్రవేశం. ఇద్దరిలో మాటకి కట్టుబడింది ఆవిడొక్కతే.

తర్వాతేమైందో మీలో కొందరు ఇప్పటికే ఊహించి ఉంటారు. నేను ఎలాగో తంటాలు పడి ఇచ్చింది కొంత, కూతురు పెళ్ళికని దాచింది కొంత కలిపి శ్లాబు పోద్దామని పిన్ని ఆఫీసుకి వెళ్తే, మీ ఇల్లు పూర్తయిపోయిందన్నారు. కాగితం చూపించారు: నిర్మాణం పూర్తి, లబ్ధిదారు గృహప్రవేశం చేసి నివాసముంటున్నారు, సాక్ష్యం ఫోటో, కింద వేలిముద్ర. శ్లాబు బిల్లు కూడా చెల్లించినట్టే రాసుంది. ఎవరికి చెల్లించారో మాత్రం ఆ కాగితానికి తెలియదు. ఇనస్పెక్టరుకి అప్పటికే బదిలీ అయింది. "పైన సూడండి బాబూ, ఆకాశవే ఉన్నాది" అని పిన్ని బతిమాలితే, ఆ కుర్చీలోవాడు కిటికీలోంచి పైకి చూసి నవ్వాడట. ఆ నవ్వు సంగతి పిన్ని నాకు చెప్తున్నప్పుడు ఆవిడకి కోపం రాలేదు, సిగ్గేసింది. ఎవడో చేసిన వెధవ పనికి సిగ్గుపడేది ఎప్పుడూ మనవాళ్ళే.

ఆ బిల్లు ఇక రాదని తేలాక, శ్లాబుకి తక్కువ పడిన డబ్బు బదులిచ్చేవాడు లేక, ఆ గోడల మీద వాసాలు వేసి తాటాకు కప్పుకుంది. చుట్టింటికి కప్పిన తాటాకు వేరు, నాలుగు మూలలున్న సిమెంటు గోడల మీద కప్పిన తాటాకు వేరు. మూలకొచ్చిన గాలి చూరు కింద చెయ్యి పెట్టి లేపేసేది. ప్రతి గాలివానకీ కప్పు ఎగిరిపోవడం, ఆవిడ వెళ్ళి ఆకులు ఏరుకుని మళ్ళీ కప్పుకోవడం. ఒకప్పుడు ఊరంతా తలదాచుకున్న ఇంటి స్థలంలోంచి ఆవిడ తుఫాను వస్తే స్కూలు భవనానికి పరుగెత్తేది. ప్రభుత్వాలు మారాయి, పథకానికి పేర్లు మారాయి, రంగులు మారాయి. మారిన ప్రతివాడూ వచ్చి గోడ మీద ఒక పలక బిగించి పోయాడు, పాతవాడి పలక మీద సున్నం కొట్టి మరీ. కొత్త ఇల్లు ఇవ్వమని అడిగితే, నీకు ఒకసారి ఇచ్చేశాం, పక్కా ఇంటి యజమానురాలివి, ఇంకోసారి కుదరదన్నారు. అదే రేషన్ కార్డులో ఉన్నంత కాలం కూతురికీ కుదర్లేదు. అక్కడితో ఆగినా బాగుండేది. కొన్నేళ్ళకి, ఆ ఇంటి మీద అప్పు వడ్డీతో పేరుకుపోయిందని, ఒక్కసారిగా కట్టేస్తే పట్టా ఇస్తామని ఇంకొకరు వచ్చారు. రాని శ్లాబుకి కూడా అప్పు లెక్కగట్టారు. కట్టొద్దు పిన్నీ అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆవిడ విన్లేదు, గోగు భూమిలో సగం అమ్మి కట్టింది. పట్టా వచ్చింది, దాని మీద నాయకుడి ఫోటో అరచేతంత, పిన్ని ఫోటో గోరంత.

ఇత్తడి గిన్నెని మాత్రం మళ్ళీ తోమి, పాత తువ్వాలులో చుట్టి పెట్టింది. శ్లాబు పడ్డాక మళ్ళీ తీస్తానమ్మీ అనేది. పడలేదు. ఆవిడ పోయిన రోజున కూడా వాన పడుతోంది, ఆవిణ్ణి దింపిన చోట తడవకుండా మేమందరం గొడుగులు పట్టుకుని నిలబడ్డాం. గోడ మీద పలకలన్నీ శుభ్రంగా వానకి కడుక్కుని మెరుస్తున్నాయి. అప్పుడు నేను పట్టిన గొడుగు విసిరికొట్టి ఆ పలకలు పగలగొడదామన్నంత ఒళ్ళుమంట పుట్టింది. పదిమందిలో ఉన్నానని ఊరుకున్నాను.

ఇదంతా మనసులో పెట్టుకుని ఎచ్చెర్ల అవతల ఆ షామియానా కింద నిలబడ్డాను. మా చెల్లెలి కూతురిది పెళ్ళయ్యాక వేరే కార్డు అవడంతో దానికి పేరు దక్కింది. అల్లుడు మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళ్తాడు, ఆ వేళ సెలవు దొరకలేదు. ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి సెల్‌ఫోను పట్టుకుని ఇంటింటికీ తిరుగుతూ, పాలు పొంగుతున్న ఫోటో ఎక్కిస్తేనే ఆఖరి బిల్లు వస్తుందని, ఎవరూ ఆలస్యం చేయొద్దని చెప్తోంది. పిన్నికి ఏ ఫోటోతో బిల్లు ఆగిందో, ఆవిడ మనవరాలికి అదే ఫోటో లేకపోతే బిల్లు రాదట. నీళ్ళెప్పుడొస్తాయమ్మా అని నేనడిగితే, అది మా సెక్షను కాదండీ అంది. మంచి పిల్లే, పాపం, ఎండలో తిరిగి ముఖం వాడిపోయింది. దాన్ని తిట్టి ఏం లాభం.

చెల్లెలి కూతురు సంచీలోంచి ఒక స్టీలు గిన్నె తీసింది, పాల ప్యాకెట్టు పళ్ళతో కొరికి పోసింది. అమ్మమ్మ గిన్నె తేలేదేమే అన్నాను. అటూ ఇటూ చూసి, "అది ఇల్లొచ్చినప్పుడు తీస్తాను పెద్దమ్మా. ఇయి సెల్లుఫోను పాలు" అని నవ్వింది. పాలు పొంగాయి, ఫోటో తీసుకుని ఆఫీసమ్మాయి పక్కింటికి పోయింది. మా పిల్ల వెంటనే పొయ్యి కట్టేసి, మిగిలిన పాలు ఫ్లాస్కులో పోసుకుని, గ్యాసు బండ ఆటోలో పెట్టించింది. దీపం పెట్టవా అన్నాను. తలుపు లేని ఇంట్లో దీపం ఎవరికి పెద్దమ్మా అంది. వెనక్కి తిరిగి చూస్తే ఆ వరసలో అందరూ అదే పని చేస్తున్నారు. పాలు పొంగించిన ఇళ్ళన్నీ ఒట్టిగా వదిలేసి, ఎవరి అద్దె గదులకి వాళ్ళు ఆటోలెక్కుతున్నారు. మా పిన్ని చేసిన పిచ్చిపని చేసేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంత తెలివి నేర్పడానికి ఈ సర్కార్లకి ఎంతకాలం పట్టిందా అనుకున్నాను. పిన్ని మోసపోయిందని ఇన్నేళ్ళూ ఏడ్చాను. ఈ పిల్లలు మోసపోలేదు, నమ్మితేనే కదా మోసపోవడానికి. ఇది చూసి సంతోషించాలో, ఏడవాలో నాకు తెలియలేదు.

అద్దె గదిలో అది ఆ గృహప్రవేశం పాలతో టీ పెట్టి ఇచ్చింది. తాగుతూ పైకి చూస్తే, అలమర మీద పాత తువ్వాలులో చుట్టిన గిన్నె కనిపించింది. దించి విప్పి చూశాను. లోపల కళాయి ఇంకా పోలేదు. అడుగున మాత్రం మసి, పిన్ని ఎంత తోమినా పోనిది, ఒకే ఒక్కసారి పొయ్యి మీద పట్టినది. గిన్నె తీస్తానన్న మాట పిన్ని ఎంతో ఆశతో అనేది. ఆవిడ మనవరాలు అదే మాట నవ్వుతూ అంటోంది. నేను గిన్నెని మళ్ళీ తువ్వాలులో చుట్టి, ఎక్కడిది అక్కడే పెట్టి, తెచ్చిన చీర మాత్రం ఇవ్వకుండా వెనక్కి తెచ్చుకున్నాను. ఇల్లొచ్చిందని కొన్న చీర అది.